శాలువా కింద పాలక మండలి

ముందుగా ఒట్టు. ఇందులో ప్రతి అక్షరం నిజం. ఈ మాట వినగానే నా స్నేహితులు నవ్వుతారని తెలుసు. ఎన్నూరు దగ్గర నా గేలానికి తగులుకున్న చేప నన్నూ నా గొడుగునూ కలిపి అవతలి గట్టుదాకా లాక్కెళ్ళిందని చెప్పినప్పుడూ ఇలాగే నవ్వారు. అందుకని ఈసారి ఆషామాషీ ఒట్టు కాదు, నా పెన్షన్ మీద ఒట్టు. ప్రైవేటు యూనివర్సిటీలో కామర్స్ చెప్పేవాడికి పెన్షన్ ఎక్కడిదని అడక్కండి. ఒట్టు వేసేటప్పుడు మనసు చూడాలి గాని, ఆస్తి కాదు.

పోయిన నెల మా పాలక మండలి సమావేశం, చనిపోయిన ఒక సభ్యురాలి కోసం, మౌనంతో మొదలైంది. రిజిస్ట్రార్ గారు నిలబడి, ఆమె దూరదృష్టి సంస్థకు తీరని లోటని సంతాప తీర్మానం చదివారు. దూరదృష్టి లోటెలా అవుతుంది? ఆ వాక్యంలో ఎక్కడో ఏదో జారిపోయిందని అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడలేదు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఆమె బతికుంటే పక్కకి వంగి నా మోచెయ్యి పొడిచి, "చూసినావా అయివోరా, నా చావులో కూడా ఒక్కడూ నోరు తెరవలా" అని ఉండేది.

ఆమె పేరు రాయను. పేరు రాస్తే యూనివర్సిటీ తెలిసిపోతుంది, యూనివర్సిటీ తెలిస్తే నా ఉద్యోగం తెలిసిపోతుంది. పాత చెన్నపట్నం ఉత్తరాన తరతరాలుగా వ్యాపారం చేసుకుంటున్న తెలుగు కుటుంబాల్లో ఒక కుటుంబం ఆడపడుచు అని చెబితే చాలు. మిరపకాయల మండీ వాళ్ళది. భర్త పోయాక ఆ మండీలో యజమాని గాదీ మీద తానే కూర్చుని నడిపింది. మా కాలేజీ కట్టిన స్థలం వాళ్ళ మామగారిచ్చింది కాబట్టి, కాలేజీ పెరిగి యూనివర్సిటీ అయినప్పుడు పాలక మండలిలో ఆమెకో శాశ్వత కుర్చీ వచ్చింది.

ఆ కుర్చీ ఆమెకి పల్లంగా ఉండేది. పొట్టి మనిషి. బల్ల అంచు సరిగ్గా గడ్డం దగ్గరికి వచ్చేది. అందుకని అజెండా ఫైలు తీసుకోగానే దాన్ని కుర్చీలో వేసుకుని దాని మీద కూర్చునేది. మామూలు నెలల్లో మాతో సమానంగా కనిపించేది. వార్షిక నివేదిక వచ్చిన నెలలో చైర్మన్ గారి కంటే ఎత్తుగా ఉండేది. "దీన్ని చదవరా మేడమ్?" అని కొత్త వీసీ గారు ఒకసారి అడిగితే, "మీరంతా చదివినారు గదా, ఏమన్నా చెప్పినారా? నేను కూసోని చెప్తాను" అంది.

ఆమె వేళ్ళ సంగతి కూడా చెప్పాలి. మండీ కొడుకులకి అప్పజెప్పి ఎన్నేళ్ళయినా వాటిలో మిరప ఘాటు పోలేదు. ఆమెతో చెయ్యి కలిపినవాళ్ళు సబ్బుతో కడుక్కునేదాకా కళ్ళు నలుపుకోకూడదు. కొత్త సభ్యులెవరొచ్చినా ఈ హెచ్చరిక మేమే చేసేవాళ్ళం. వీసీ గారికి చెప్పడం ఎలాగో మరిచిపోయాం.

చైర్మన్ గారు సంస్థాపకుల కొడుకు, ఆమెకి వరసకి మేనల్లుడు. ఇంట్లో ఆమెని "అత్తా" అనేవారు, బోర్డు గదిలో "మేడమ్" అనేవారు. ఆమెకి ఆ తేడా లేదు. "ఏరా అబ్బాయ్, ఏసీ తగ్గించు, మోకాళ్ళు పట్టేస్తా ఉండాయి" అని నిండు సభలో అనేది. ఆయన ఏసీ తగ్గించి, టై సవరించుకుని, "లెట్ అజ్ ప్రొసీడ్" అనేవారు. నేను సీనియారిటీ లెక్కన అధ్యాపకుల తరఫున వచ్చిన సభ్యుణ్ణి. ఆమె కుడిచేతి పక్క కుర్చీ నాది. ఆమె నన్ను మొదటిరోజు నుంచీ, మాస్టార్ని పిలిచే తమ ఇంటి మాటతో, "అయివోరా" అనే పిలిచింది.

మా బోర్డు ఎలా నిర్ణయాలు తీసుకుంటుందో తెలియాలంటే వంకాయ రంగు సంగతి తెలియాలి. ఒక సమావేశంలో మా భవనాలకి రంగు మార్చే అంశం వచ్చింది. తెర మీద వంకాయ రంగులో మా పాత భవనం బొమ్మ వేశారు. చైర్మన్ గారు "వెరీ బోల్డ్" అన్నారు. వీసీ గారు "డిఫరెంట్" అన్నారు. బ్యాంకులో పెద్ద పదవి చేసి రిటైరైన సభ్యుడొకాయన "ధైర్యం కావాలి" అన్నారు. ఏకగ్రీవం. వేసవి సెలవుల్లో రంగు పడింది. గుమ్మిడిపూండి రైల్లో పోయేవాళ్ళు కిటికీల దగ్గరికి వచ్చి చూసేవాళ్ళు.

ఆ తర్వాతి సమావేశంలో టీ దగ్గర గుట్టు రట్టయింది. బ్యాంకాయన సమోసా విరుస్తూ, "చైర్మన్ గారికి నచ్చిందని ఊరుకున్నాను గాని, నాకైతే కడుపులో తిప్పింది" అన్నారు. వెనకే నిలబడ్డ చైర్మన్ గారు తెల్లబోయి, "నాకెక్కడ నచ్చింది? వీసీ గారు ముచ్చటపడ్డారని కదా!" అన్నారు. వీసీ గారు చేతిలో కప్పు దించి, "అప్పటికి నేను చేరి నెల కాలేదు. ఇది మీ వంశపు రంగేమో అనుకున్నాను" అన్నారు.

ఆమె నవ్వి నవ్వి పొలమారి, కళ్ళనీళ్ళు పెట్టుకుని నన్ను కిటికీ పక్కకి లాక్కెళ్ళింది.

"చూసినావా అయివోరా! ఇంతమంది పెద్ద మనుషులు కలిసి ఒక్కడికీ అక్కర్లేని సరుకు కొన్నారు. మా మండీలో తాగినోడు కూడా ఈ బేరం చెయ్యడు."

"మీ మండీలో ఎవరి మనసులో ఏముందో ఎలా తెలుస్తుందమ్మా?"

"చెయ్యి ఇట్టా ఇయ్యి."

ఇక్కడ పొన్నాడై గురించి చెప్పాలి. తమిళనాట ఏ సభా శాలువా కప్పకుండా మొదలవదు. మా బోర్డులోనూ ప్రతి సమావేశానికీ ప్రతి సభ్యుడికీ జరీ అంచు శాలువా ఒకటి కప్పుతారు. తక్కినవాళ్ళు దాన్ని మడిచి కుర్చీ వెనక వేస్తారు. ఆమె ఆ రోజు తన శాలువా తీసి మా ఇద్దరి చేతుల మీదా కప్పింది.

"మండీలో బేరం నోటితో చెప్పరు. చుట్టూ వినేవాళ్ళు ఉంటారు గదా. గుడ్డ కింద వేళ్ళు పట్టుకుంటారు. నోరు సుమ్మా, ఊరికే, ఎండలు, వానలు మాట్లాడతా ఉంటాది. ఇప్పుడు చెప్పు, ఆ రంగు నీకు ఎంత నచ్చింది? పూర్తిగా నచ్చింటే అయిదు వేళ్ళు పట్టుకో. లేదంటే ఒకటి."

నేను ఒక్క చిటికెనవేలు పట్టుకున్నాను. ఆమె ముఖంలో ఏమీ కదల్లేదు. కిటికీలోంచి చూస్తూ, "ఈ ఏడు ఎండలు జాస్తిగా ఉండాయి" అంది. నా వేళ్ళు సాయంత్రందాకా మండాయి.

ఇదంతా నవ్వులాటగానే ఉండిపోయేది. కాని ఆ ఏడాది చివర్లో వ్యూహపత్రం వచ్చింది.

బెంగుళూరు నుంచి ఒక కన్సల్టెంటు వచ్చాడు. చురుకైన కుర్రాడు. మా యూనివర్సిటీ భవిష్యత్తు మొత్తం స్లైడ్లలో పెట్టుకొచ్చాడు. నగరానికి దక్షిణాన, ఐటీ కంపెనీల రోడ్డు దాటాక, కొత్త ప్రాంగణం. అన్ని విభాగాలూ అక్కడికే. వెళ్ళలేనివి మూసెయ్యడం. ఆ "వెళ్ళలేనివి" అన్న మాట కింద చిన్న అక్షరాల్లో తిరువొత్తియూరు సాయంత్రం కాలేజీ ఉంది.

అది నా కాలేజీ. పగలు ప్రధాన భవనంలో పాఠాలు చెప్పినా, సాయంత్రం ఆరింటికి తిరువొత్తియూరులో దిగితేనే నాకు నేను మాస్టారులా అనిపిస్తాను. ఆ తరగతిలో ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు, బట్టల దుకాణాల్లో పగలంతా నిలబడి వచ్చిన ఆడపిల్లలు, చేపల రేవు నుంచి వచ్చేవాళ్ళు కూర్చుంటారు. కిటికీ తెరిస్తే బెంచీల మీద ఎన్నూరు కరెంటు ప్లాంటు బూడిద పడుతుంది, మూస్తే చెమట. మూసివేత కబురు ఎలా పొక్కిందో, ముందు బెంచీలో కూర్చునే వెల్డరు ఒకతను క్లాసయ్యాక నన్ను ఆపాడు.

"సార్, ఆ కొత్త కాలేజీకి ఈడనుంచి పోవాలంటే మధ్యాహ్నమే డ్యూటీ దిగాల. డ్యూటీ దిగితే ఇల్లు ఎట్టా నడిచేది? మాలో ఒక్కరం కూడా రాలేం సార్. బోర్డులో మీరున్నారు గదా, చెప్పండి."

చెబుతానన్నాను. చేప కథలు చెప్పడానికి లేచే నా నాలుక బోర్డు గదిలో ఎందుకు లేవదో నాకే తెలియదు. సమావేశం రోజు తొందరగా వెళ్ళి, లిఫ్టు దగ్గర ఆమె కోసం కాచుకుని నిలబడ్డాను.

"అమ్మా, ఈ రోజు తిరువొత్తియూరు కాలేజీ మూసేస్తారు. మీరు ఒక్క మాట అంటే..."

"నేనెందుకు అనాల? నీ నోటికి ఏమైంది?"

"నా మాట ఎవరు వింటారమ్మా? చైర్మన్ గారికి కొత్త ప్రాంగణం మీద ప్రాణం. వీసీ గారికీ అంతే."

"ఎవురు చెప్పినారు నీకు?"

"అందరూ అదే అంటున్నారు కదా."

"అందరూ వంకాయ రంగు కూడా బాగుందన్నారు."

ఆమె నా మీద నుంచి చూపు తీసి, నడవాలో ఒక్కొక్కరుగా వస్తున్న సభ్యుల వైపు చూసింది. తర్వాత చేసిన పని నేను నా కళ్ళతో చూశాను. పొన్నాడైలు పెట్టిన పళ్ళెంలోంచి ఒక శాలువా తీసుకుని ఒక్కొక్కరినీ ఆపింది. బ్యాంకాయనని నీళ్ళ కూలరు దగ్గర. వీసీ గారిని నోటీసు బోర్డు దగ్గర. చైర్మన్ గారినైతే ఆయన గది గుమ్మంలోనే పట్టుకుంది. ఆయన సిగ్గుతో అటూ ఇటూ చూస్తూ, "అత్తా, మేడమ్, ఇక్కడా?" అన్నారు. దూరం నుంచి నాకు వినిపించిందల్లా వానల గురించే.

తిరిగొచ్చాక ఆత్రంగా అడిగాను. "ఏమైందమ్మా? ఎవరెవరు మన వైపు?"

ఆమె ముఖం మారిపోయింది. అంత కోపం ఆమెలో అంతకు ముందు చూడలేదు.

"గుడ్డ కిందది ఎవురికీ చెప్పరు అయివోరా. చెప్పినోడికి ఇంక మండీలో ఎవురూ చెయ్యి ఇయ్యరు. నా కొడుకులకి కూడా నేను చెప్పలా."

"కాని మా పిల్లలు..."

"పిల్లలుంటే నువ్వు మాట్లాడు. ఇంకొకరి చెయ్యి నన్ను అమ్మమంటావా?"

అందరి మనసూ ఆమె చేతిలోకి వచ్చేసింది. నోట్లోంచి ఒక్క ముక్క బయటికి రాదు. నేను నీరసంగా వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను.

సమావేశం మొదలైంది. కన్సల్టెంటు అద్భుతంగా మాట్లాడాడు. ఆఖరి స్లైడులో సూర్యోదయం ఉంది. చైర్మన్ గారు "ఓపెన్ ఫర్ డిస్కషన్" అన్నారు. అందరూ బిస్కెట్ల వైపు చూశారు. బ్యాంకాయన "సస్టైనబుల్‌గా ఉంటే సరే" అన్నారు. వీసీ గారు "విజనరీ" అన్నారు. చైర్మన్ గారు కళ్ళజోడు తీసి, "అయితే అందరికీ సమ్మతమే కదా?" అని అడిగారు. నా నోరు తెరుచుకుంది. దగ్గొచ్చింది.

"ఉండు అబ్బాయ్," అంది ఆమె. ఫైలు మీద నుంచి దిగి నిలబడింది. దాంతో ఇంకా పొట్టిదయింది. "ఈ పొన్నాడై బల్ల చుట్టూ ఒకసారి తిరగనీ."

"అది... అజెండాలో లేదు మేడమ్," అన్నారు రిజిస్ట్రార్ గారు.

"నేను అజెండా మీదనే ఉండాను ఇంతసేపూ. అందులో లేదులే." ఆమె శాలువా విప్పి తన ఎడమ పక్కన ఉన్న బ్యాంకాయన చేతి మీద వేసింది. "ఇందాక మీ అందరికీ నేర్పినా గదా. ఇప్పుడు నాతో కాదు. పక్కనుండే వాళ్ళతో. తిరువొత్తియూరు కాలేజీ ఆడనే ఉండాల్నా? ఎంత మనసుంటే అన్ని వేళ్ళు. నోరు వానల గురించి మాట్లాడాల, అంతే."

కన్సల్టెంటు ఉత్సాహంగా ముందుకొచ్చాడు. "ఇది ఐస్ బ్రేకరా మేడమ్? నేను కూడా చేరచ్చా?"

"బ్రేకరో గీకరో, నీ చెయ్యి వద్దులే నాయనా. నువ్వు రేపు బండెక్కి పోయేవాడివి. ఈడ ఉండేవాళ్ళ బేరం ఇది."

ఆమె మాట కాదనే ధైర్యం ఎవరికీ లేదు కాబట్టి శాలువా కదిలింది. ఆమె, బ్యాంకాయన ముందు కానిచ్చారు. తర్వాత బ్యాంకాయన, వీసీ గారు.

"మాధవరంలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి," అన్నారు బ్యాంకాయన.

"అలాగా, మా వీధిలో కూడా..." అని వీసీ గారు మొదలుపెట్టి ఆగిపోయారు. శాలువా వైపు చూశారు. బ్యాంకాయన ముఖం వైపు చూశారు. "నిజంగానా?"

"మోకాలి లోతు," అన్నారు బ్యాంకాయన గంభీరంగా.

శాలువా వీసీ గారికీ చైర్మన్ గారికీ మధ్యకి వచ్చింది. ఇద్దరూ చేతులు లోపల పెట్టారు. చైర్మన్ గారు "తుఫాను వస్తుందంటున్నారు" అన్నారు. వీసీ గారు "అవును, వస్తే మంచిదే" అన్నారు. చైర్మన్ గారు కుర్చీలో ముందుకు జరిగారు. "మంచిదంటారా? తుఫాను?" "నా అభిప్రాయంలో చాలా మంచిది సార్." ఇద్దరూ ఒకరినొకరు కొత్తగా చూసుకున్నారు. చిన్నప్పుడు తప్పిపోయిన అన్నదమ్ములు దొరికినట్టు చూసుకున్నారని రాయాలని ఉంది గాని, ఒట్టు వేశాను. కాస్త ఆశ్చర్యంగా చూసుకున్నారు.

తర్వాత చైర్మన్ గారి చెయ్యి నా చేతిలోకి వచ్చింది. ఎన్ని వేళ్ళో చెప్పను. మా ఇద్దరికీ వానల సంగతి గుర్తు రాలేదు. ఆయన "ఊఁ" అన్నారు. నేను "ఊఁ" అన్నాను.

చివరికి మిగిలింది నేను, ఆమె. నేను మునిగేవాడు గట్టు పట్టుకున్నట్టు ఆమె అయిదు వేళ్ళూ పట్టుకున్నాను. ఆమె మరో చెయ్యి లోపల పెట్టి, తన వంతు చెప్పింది. నా వేళ్ళలో ఒకే ఒక్కటి పట్టుకుంది. ఒక్క వేలు! నేను ఉలిక్కిపడి ఆమె ముఖంలోకి చూశాను. గదంతా వానల్లో ఉంటే ఆమె మాత్రం, "ఎండలు తగ్గినట్టే లేదు" అంది.

ఆమె శాలువా తీసి మడిచి పక్కన పెట్టింది. చైర్మన్ గారు వ్యూహపత్రం తిరగేశారు.

"ఆ తిరువొత్తియూరు పేజీ... పత్రంలో ఉండాలంటారా?"

"తీసేస్తే మిగతాది చదవడానికి తేలిగ్గా ఉంటుంది," అన్నారు వీసీ గారు.

"నేను మొదటి నుంచీ..." అన్నారు బ్యాంకాయన.

"మొదటి నుంచీ ఏమన్నారు?" అని అడిగారు చైర్మన్ గారు.

"ఏమీ అనలేదు."

నా దగ్గు తగ్గింది. లేచి నిలబడి, వెల్డరు చెప్పిన మాట, అతను చెప్పినట్టే, ఒక్క ముక్క కూడా పెంచకుండా చెప్పాను. నా జీవితంలో పెంచకుండా చెప్పిన మాట అదొక్కటే. ఆ సమయంలోనే వీసీ గారు కళ్ళు నలుపుకున్నారు. ఇందాక నడవాలో ఆమెతో బేరమాడిన చెయ్యి అది. ధారలు కట్టాయి. సభ్యులంతా కదిలిపోయారు. కాలేజీ తిరువొత్తియూరులోనే కొనసాగాలని తీర్మానం జరిగింది. "సభ్యులు సుదీర్ఘంగా చర్చించిన మీదట, వైస్ చాన్సలర్ గారు ఉద్వేగానికి లోనైన వాతావరణంలో" అని మినిట్స్‌లో ఉంది. ఆ చర్చలో వానలు తప్ప ఏమున్నాయో రిజిస్ట్రార్ గారికే తెలియాలి.

అందరూ వెళ్ళిపోతుంటే లిఫ్టు దగ్గర ఆమెని అందుకున్నాను.

"అమ్మా, మీరు నాకిచ్చింది..."

"నేనేమిచ్చినా నీకు?"

"అదే... శాలువా కింద."

"చెయ్యి చెప్పింది, చెయ్యి వినింది. మధ్యలో నీ నోరెందుకు వస్తా ఉండాది?" లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపలికి అడుగుపెట్టి వెనక్కి తిరిగింది. "బాగా మాట్లాడినావు అయివోరా. కొంచెం ముందు మాట్లాడింటే నా మోకాళ్ళు మిగిలేవి."

ఆ తర్వాత ఎన్ని సమావేశాలు పక్కపక్కన కూర్చున్నామో. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ ఒక్క వేలు గురించి మాత్రం చాలా ఆలోచించాను. వాళ్ళ మండీని ఊరి బయటికి తరలించినప్పుడు బజారంతా ఏడిస్తే, ఆమె ఒక్కతే సరుకు సర్దించిందట. ఉన్నచోటే వేలాడేవాళ్ళంటే ఆమెకి విసుగు. కాలేజీ కదలాలనే ఆమె నమ్మిందేమో. అలాగైతే ఆ రోజు ఊరికే కూర్చుంటే సరిపోయేది. మరో నిమిషంలో ఏకగ్రీవం అయిపోయేది, ఆమె కోరుకున్నదే జరిగేది. తన మనసుకి ఎదురుగా ఉన్న మనసులన్నిటినీ తానే బల్ల మీదికి తెప్పించింది. బోర్డు సభ్యులు వ్యూహాత్మకంగా ఆలోచించాలని శిక్షణ తరగతుల్లో చెబుతుంటారు. నేనెన్నింటికో వెళ్ళాను. ఇలాంటి మనిషి గురించి ఏ స్లైడులోనూ లేదు.

ఇక ఒట్టు సంగతి. ఇందులో ఒక్క ముక్క నేను కల్పించింది ఉంది, ఒప్పుకుంటున్నాను. అది ఆ ఒక్క వేలు. ఆమె నా చేతిలో చెప్పింది ఆ లెక్క కాదు. నేను చెప్పిన లెక్క మీద మీరూ నేనూ ఇంతసేపు తలలు బద్దలు కొట్టుకున్నందుకు క్షమించండి. గుడ్డ కిందది ఎవరికీ చెప్పరు కాబట్టి అసలు లెక్క నా దగ్గర భద్రంగా ఉంది. అడక్కండి. ఆరింటికి తిరువొత్తియూరులో క్లాసుంది, రైలు పట్టుకోవాలి.